ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి: ఎన్‌హెచ్‌ఎల్ వేసవి లెక్కల్లో ఐదు దారుల పోలిక

2024 ఆగస్టు 13న ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు చెందిన ఇద్దరు కుర్రాళ్లకు ఒకేరోజు ఆఫర్ షీట్లు (మరో జట్టు కుర్రాళ్లకు ఇచ్చే ఒప్పంద ప్రతిపాదనలు) ఇచ్చింది. డిఫెన్స్ ఆటగాడు ఫిలిప్ బ్రోబర్గ్‌కు ఏడాదికి 45,80,917 డాలర్లు, ఫార్వర్డ్ డిలన్ హాలోవేకు ఏడాదికి 22,90,457 డాలర్లు, ఇద్దరికీ రెండేళ్ల ఒప్పందం. అంతే మొత్తాన్ని తాము చెల్లించి వారిని ఉంచుకోవాలా, డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు) తీసుకుని వదిలేయాలా అన్నది తేల్చుకోవడానికి ఎడ్మంటన్‌కు ఉన్న గడువు ఏడు రోజులు. అప్పటికి దాదాపు ఏడు వారాల క్రితమే ఆ జట్టు లీగు టైటిలైన స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఫ్లోరిడా చేతిలో 2-1 తేడాతో ఓడింది. డబ్బు లేని యాజమాన్యం కాదు. ఖర్చు పెట్టడానికి లీగు విధించే జీతాల పరిమితిలో (క్యాప్‌లో) చోటు లేని జట్టు.

మన పాఠకుల్లో చాలామందికి ఐపీఎల్ వేలం లెక్కలు కొట్టిన పిండే. 2025 సీజన్‌కు ముందు సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకూ ట్రావిస్ హెడ్‌కూ 14 చొప్పున, మన నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్ల రూపాయలు ఇచ్చి అట్టిపెట్టుకుని, 120 కోట్ల పర్సులో మిగిలిన 45 కోట్లతో వేలంలో కూర్చుంది. హాకీలో చిక్కు అంతకంటే లోతైనది. ఒప్పందాలు ఎనిమిదేళ్ల దాకా సాగుతాయి, రెండు రోజుల వేలం బదులు మూడు నెలల వేసవి ఉంటుంది, ఈ ఏడాది చేసిన పొరపాటు నాలుగో ఏడాదిలో కూడా పుస్తకంలో కనబడుతూనే ఉంటుంది. తన అభిమాన జట్టు ఏం చేయాలన్న వాదనలో తలమునకలైనవారికీ, స్నేహితులతో క్యాప్ లీగు (ఇదే జీతాల పరిమితితో ఊహా జట్లను నడిపే ఆట) ఆడుకుంటూ తన జాబితా ముందు కూర్చుని ఎటూ తేల్చుకోలేనివారికీ పనికొచ్చేలా ఆ దారులను పక్కపక్కన పెట్టి చూడడమే ఇక్కడి ప్రయత్నం. జీతం అన్నచోటల్లా ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు, అంటే క్యాప్ హిట్ అని అర్థం చేసుకోవాలి. హాకీ అంకెలన్నీ అమెరికన్ డాలర్లలో ఉన్నాయి.

ముందుగా పెట్టుకోవలసిన కొలతలు

మొదటిది వాటా. జీతాన్ని డాలర్లలో చూస్తే మోసపోతాం. ఆ ఏడాది పరిమితిలో అది ఎన్నో వంతు అన్నదే అసలు లెక్క. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో తుడిచిపెట్టుకుపోయాక, 2005లో ఈ పరిమితి 3.9 కోట్లతో మొదలైంది. కోవిడ్ కాలంలో మూడు సీజన్లపాటు 8.15 కోట్ల దగ్గర కదలకుండా నిలిచిపోయి, 2024-25కు 8.8 కోట్లకు, 2025-26కు 9.55 కోట్లకు చేరింది, 2026-27కు 10.4 కోట్లు, 2027-28కి 11.35 కోట్లు అని లీగు ముందే ప్రకటించింది. ఎడ్మంటన్ కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్ 1.25 కోట్ల జీతం 2018-19లో 7.95 కోట్ల పరిమితిలో 15.7 శాతం. 2025 అక్టోబరులో అతను అదే 1.25 కోట్లకు మరో రెండేళ్లు సంతకం చేశాడు. ఆ ఒప్పందం మొదలయ్యే 2026-27లో అది 12 శాతమే. అంకె మారలేదు, ధర దాదాపు నాలుగో వంతు తగ్గింది.

రెండోది, అదే పనిని ఇంకొకరితో చేయించుకోవాలంటే ఎంత అవుతుందన్న ప్రశ్న. ఆటగాడు ఎంత మంచివాడన్నది సగం ప్రశ్న మాత్రమే. మూడో లైనులో (ముగ్గురేసి ఫార్వర్డ్‌ల బృందాల్లో మూడోదానిలో) పది, పన్నెండు నిమిషాలు ఆడే ఫార్వర్డ్‌కు ముప్పై లక్షలు ఇచ్చే ముందు, లీగు కనీస జీతానికి (2024-25లో 7.75 లక్షలు) దొరికే ఆటగాడికీ అతనికీ తేడా ఎంత అని అడగాలి. మొదటి జతలో ఆడే డిఫెన్స్ ఆటగాడి విషయంలో అలాంటి ప్రత్యామ్నాయమే ఉండదు. అందుకే పై స్థాయిలో ఎక్కువ ఇచ్చిన తప్పు కంటే మధ్య స్థాయిలో ఎక్కువ ఇచ్చిన తప్పే జట్లను ఎక్కువగా ముంచుతుందని నా అభిప్రాయం.

వయసు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇరవై మూడేళ్లవాడికి ఇచ్చే ఎనిమిదేళ్లూ ముప్పై ఒకటేళ్లవాడికి ఇచ్చే ఎనిమిదేళ్లూ ఒకటి కావు. బయటపడే దారి కూడా అలాంటిదే: ట్రేడ్‌ను అడ్డుకునే షరతు ఒప్పందంలో ఉందా, జీతంలో సగం వరకు అట్టిపెట్టుకుని పంపే వీలుందా (ఏ జట్టయినా ఒకేసారి మూడు ఒప్పందాలకే అలా చేయగలదు) అన్నవి సంతకానికి ముందే చూసుకోవాలి.

చివరిదీ, చాలామంది పట్టించుకోనిదీ వరుస. వేసవిలో పరిమితిని పది శాతం దాటి వెళ్లవచ్చు గానీ, సీజన్ మొదలయ్యే రోజుకు లోపలికి వచ్చి తీరాలి. జూలై 1న స్వేచ్ఛా ఆటగాళ్ల బజారు తెరుచుకుంటుంది. అదే రోజు నుంచి సొంత కుర్రాళ్లకు, అంటే రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్లకు, బయటి జట్లు ఆఫర్ షీట్లు ఇవ్వవచ్చు. ఎవరికి ముందు సంతకం పెట్టిస్తారన్నది, ఎవరికి ఎంత ఇస్తారన్నదానితో సమానమైన నిర్ణయం.

మొదటి దారి: సొంత కుర్రాళ్లను, ఎక్కువ ధర పలికినా, ఉంచుకోవడం

ఎడ్మంటన్ కథను దగ్గరగా చూస్తే ఈ దారి లోతుపాతులు తెలుస్తాయి. బ్లూస్ ఇచ్చిన అంకెలు గుండ్రంగా లేకపోవడం యాదృచ్ఛికం కాదు. ఆ ఏడాది నియమాల ప్రకారం 45,80,917 డాలర్ల వరకు ఇచ్చే ఆఫర్ షీట్‌కు పరిహారం రెండో రౌండు పిక్ ఒక్కటే. ఆ పై మెట్టు ఎక్కితే మొదటి రౌండు పిక్‌తోపాటు మూడో రౌండు పిక్ కూడా ఇవ్వాలి. 22,90,457 దాకా మూడో రౌండు పిక్‌తో సరిపోతుంది. రెండు అంకెలూ మెట్టు అంచున, డాలరు తేడా లేకుండా కూర్చున్నాయి. ఆఫర్ షీట్‌కు సొంత పిక్‌లే చెల్లించాలి కాబట్టి, పిట్స్‌బర్గ్ చేతికి వెళ్లిన తమ రెండో రౌండు పిక్‌ను బ్లూస్ ముందే వెనక్కి తెచ్చుకుంది కూడా. ఇంత లెక్కతో వచ్చిన దెబ్బ ఇది.

ఇక ఎడ్మంటన్ వైపు చూడండి. బ్రోబర్గ్ అంతకు ముందు సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది 12 మ్యాచ్‌లు, గోల్ లేదు, రెండు అసిస్ట్‌లు. హాలోవే 38 మ్యాచ్‌ల్లో 9 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) తెచ్చాడు. ప్లేఆఫ్‌లలో ఇద్దరూ బాగా ఆడారు, నిజమే. అయినా ఆ అంకెలను చూసి ఏడాదికి 68.7 లక్షలు ఇవ్వమంటే ఏ మేనేజరుకైనా చేతులు వణుకుతాయి. పైగా ఆఫర్ షీట్‌ను మ్యాచ్ చేసి, అంటే అంతే మొత్తం ఇచ్చి, ఉంచుకున్న ఆటగాణ్ణి ఏడాదిపాటు ట్రేడ్ చేయడానికి వీల్లేదు. ఆ వారం మధ్యలో, ఆగస్టు 18న, 32.5 లక్షల కోడీ సీసీని శాన్ హోసేకు పంపి 9.5 లక్షల టై ఎంబర్సన్‌ను తెచ్చుకుని ఎడ్మంటన్ కొంత చోటు చేసుకుంది. అయినా 20న ఇద్దరినీ వదిలేసింది.

తరువాతి సీజన్‌లో హాలోవే 77 మ్యాచ్‌ల్లో 26 గోల్స్‌తో 63 పాయింట్లు సాధించాడు. బ్రోబర్గ్ 68 మ్యాచ్‌ల్లో 29 పాయింట్లు తెచ్చాడు. ఎడ్మంటన్‌లోనే ఉంటే హాలోవేకు అంత ఆట సమయం దొరికేది కాదన్న వాదనలో పస ఉంది. మెక్‌డేవిడ్, లియోన్ డ్రైసైటిల్ వంటి స్టార్లు ఉన్నచోట పవర్‌ప్లేలో (ప్రత్యర్థికి ఒక ఆటగాడు తగ్గినప్పటి ఆటలో) చోటు సంపాదించడం తేలిక కాదు. కానీ అందులో సగం ఆడినా 22.9 లక్షలకు అతను చవకే అయ్యేవాడు.

రెండో దారి: జూలై 1న అనుభవజ్ఞులను కొనడం

పై నష్టానికి అసలు కారణం ఆగస్టులో లేదు, జూలైలో ఉంది. జూన్ చివర కెన్ హాలండ్ పదవి నుంచి తప్పుకోవడంతో, జూలై 1 కొనుగోళ్లను హాకీ వ్యవహారాల అధిపతి జెఫ్ జాక్సనే నడిపించారు. స్టాన్ బోమన్ జనరల్ మేనేజరుగా వచ్చింది 24న. ఈ మధ్యలో విక్టర్ ఆర్విడ్‌సన్‌కు 40 లక్షలు, జెఫ్ స్కిన్నర్‌కు 30 లక్షలు, ఆడమ్ హెన్రిక్‌కు 30 లక్షలు కుదిరాయి. ముగ్గురి పద్దు కోటి డాలర్లు. దాని కింద యాన్‌మార్క్‌కు 14.5 లక్షలు, పెర్రీకి 11.5 లక్షలు, కానర్ బ్రౌన్‌కు 10 లక్షలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే తప్పుపట్టవలసినది దాదాపు లేదు, ఆ రోజు పత్రికల్లో మెప్పు కూడా దొరికింది. పద్దు కింద గీత గీసి కూడితేనే, సొంత కుర్రాళ్ల కోసం మిగిలింది చిల్లరేనని తెలుస్తుంది.

ఆర్విడ్‌సన్ ఆ సీజన్‌లో 27 పాయింట్లు, స్కిన్నర్ 29 పాయింట్లు తెచ్చారు. 70 లక్షలకు 56 పాయింట్లు. హాలోవే ఒక్కడే 63.

మేం కొందరు స్నేహితులం కలిసి ఆడుకునే క్యాప్ లీగులో నేనూ రెండేళ్ల క్రితం అచ్చంగా ఇదే చేశాను: మొదటి రోజు ఉత్సాహంలో ముగ్గురు ముప్పై దాటినవారిని కొని, నెల తిరిగేసరికి నేనే పెంచిన గోలీని (గోల్‌కీపర్‌ను) ఉంచుకోవడానికి డబ్బు లేక మిత్రుడికి అప్పగించాను. అందుకని ఎడ్మంటన్‌ను మరీ కఠినంగా తప్పుపట్టలేను.

ఈ దారికి ఉన్న మంచి ఏమిటంటే ఒప్పందాలు చిన్నవి. స్కిన్నర్‌ది ఏడాది. ఆర్విడ్‌సన్‌ను ఏడాది తిరగగానే ఐదో రౌండు పిక్‌కు బోస్టన్‌కు పంపేశారు. తప్పు జరిగినా గాయం త్వరగా మానుతుంది.

మూడో దారి: బ్రిడ్జ్ ఒప్పందంతో నెట్టుకురావడం

కుర్రాడు ఇంకా పూర్తిగా తేలనప్పుడు రెండేళ్ల చిన్న ఒప్పందం ఇచ్చి, పెద్ద నిర్ణయాన్ని వాయిదా వేయడమే బ్రిడ్జ్. 2023లో ఇవాన్ బూషార్డ్‌కు ఎడ్మంటన్ ఇచ్చింది ఇదే: రెండేళ్లు, 39 లక్షలు. ఆ రెండేళ్లలోనూ జట్టు ఫైనల్ చేరింది, బూషార్డ్ లీగులో పేరున్న దాడి డిఫెన్స్ ఆటగాడయ్యాడు. 2025 జూన్ చివర కొత్త ఒప్పందం కుదిరింది: నాలుగేళ్లు, 1.05 కోట్లు.

ఒక్క గెంతులో 66 లక్షలు. అదే ఏడాది నుంచి డ్రైసైటిల్ కొత్త ఒప్పందం కూడా అమల్లోకి వచ్చి 85 లక్షలు కాస్తా 1.4 కోట్లయింది, అంటే మరో 55 లక్షలు. రెండూ కలిపితే 1.21 కోట్ల పెరుగుదల. అదే వేసవిలో పరిమితి పెరిగింది మాత్రం 75 లక్షలు. పెరిగిన పరిమితిని ఇద్దరే మింగి, ఇంకో 46 లక్షలు అడిగారు. బ్రోబర్గ్, హాలోవేలను ఉంచుకుని ఉంటే వారి రెండో ఏడాది 68.7 లక్షలు సరిగ్గా దీని మీద వచ్చి పడేవి. 2024 ఆగస్టులో ఎడ్మంటన్ తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించాలనుకునేవారికి ఇంతకంటే గట్టి వాదన లేదు. ఆర్విడ్‌సన్, ఫార్వర్డ్ ఇవాండర్ కేన్ ఇద్దరినీ 2025 వేసవిలో పంపగా ఖాళీ అయిన 91 లక్షలను ఎదురు లెక్కగా చూపవచ్చు గానీ, ఆ ట్రేడ్‌లు కుదురుతాయని ముందు ఏడాది ఎవరూ హామీ ఇవ్వలేరు.

బ్రిడ్జ్ మంచిదా, మొదటే ఎనిమిదేళ్లు కట్టబెట్టడం మంచిదా అన్నదానికి ఒకే జవాబు లేదు. పరిమితి కదలని రోజుల్లో, ఆ చవక రెండేళ్లలోనే కప్పు గెలిచే అవకాశం ఉంటే బ్రిడ్జ్ సరైనది. పరిమితి వేగంగా పెరుగుతున్నప్పుడు, కుర్రాడి మీద నమ్మకం ఉంటే, దీర్ఘ ఒప్పందమే ఏటేటా చవక అవుతూ పోతుంది.

నాలుగో దారి: ఏళ్లు పెంచి ఏటి భారం తగ్గించడం

వరుసగా రెండు కప్పులు గెలిచిన ఫ్లోరిడా పాంథర్స్ 2025 వేసవిలో ముగ్గురు ముఖ్యులను ఒకేసారి పోగొట్టుకునే స్థితిలో ఉండి, ముగ్గురినీ ఉంచుకుంది. సామ్ బెనెట్‌కు ఎనిమిదేళ్లు, 80 లక్షలు. ఆరన్ ఎక్‌బ్లాడ్‌కు ఎనిమిదేళ్లు, 61 లక్షలు. అంతకు ముందు అతని జీతం 75 లక్షలు. 37 ఏళ్ల బ్రాడ్ మార్షాండ్‌కు ఆరేళ్లు, 52.5 లక్షలు. ఏళ్లు ఎక్కువిస్తే ఏటి జీతం దిగుతుంది. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం కూడా బేరానికి కలిసొచ్చే విషయమే. టొరంటో, మాంట్రియల్ వంటి చోట్ల మేనేజర్లు గొణుక్కునేది దీని గురించే.

దీనికి చెల్లించే ధర చివరి ఏళ్లలో ఉంటుంది. నలభై దాటిన మార్షాండ్ కోసం పరిమితిలో అర కోటి పక్కన పెట్టడం ఇప్పుడు కప్పు గెలిస్తే ఎవరికీ నొప్పి కాదు, గెలవకపోతే ప్రతి వేసవీ గుర్తొస్తుంది. 2026 సెప్టెంబరు మధ్య నుంచి అమలయ్యే, లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన కొత్త ఒప్పందంలో సొంత ఆటగాళ్లకు గరిష్ఠ కాలం ఎనిమిది నుంచి ఏడేళ్లకు, బయటివారికి ఏడు నుంచి ఆరేళ్లకు తగ్గుతుంది కాబట్టి ఈ దారి కొంత ఇరుకవుతుంది.

ఐదో దారి: పెద్ద పేరును వదులుకోవడం

2024-25లో టొరంటో మేపుల్ లీఫ్స్ నలుగురికి (మాథ్యూస్ 1.325 కోట్లు, నీలాండర్ 1.15, టవారెస్ 1.1, మార్నర్ 1.09) ఇచ్చింది దాదాపు 4.67 కోట్లు, అంటే పరిమితిలో 53 శాతం. మిగిలిన 47 శాతంతో మరో పంతొమ్మిదిమందిని నింపాలి. ఫ్లోరిడా చేతిలో రెండో రౌండు ఏడో మ్యాచ్ ఓడాక, మార్నర్‌కు ఎనిమిదేళ్ల ఒప్పందం రాసి వేగాస్‌కు పంపి, బదులుగా 30 లక్షల నికొలస్ రోయ్‌ను తెచ్చుకున్నారు. మార్నర్ కొత్త జీతం 1.2 కోట్లు. టవారెస్ నాలుగేళ్లకు, ఏడాదికి 44 లక్షల దరిదాపుకు దిగివచ్చి సంతకం చేశాడు. మాథ్యూ నైస్‌కు ఆరేళ్లు, 77.5 లక్షలు.

వంద పాయింట్ల ఆటగాడికి మూడో లైను సెంటర్ బదులు అంటే వినడానికే బాధగా ఉంటుంది. కానీ జూలై 1 దాటితే మార్నర్ ఊరికే వెళ్లిపోయేవాడు. ఆ కాలానికి ఎనిమిదో ఏడాది ఇవ్వగలిగేది టొరంటో ఒక్కటే కాబట్టి ఆ రోయ్ అయినా దక్కాడు. ఖాళీ అయిన చోటే అసలు లాభం, దాన్ని ఎలా వాడతారన్నది వేరే సంగతి. ఇదే నిర్ణయాన్ని ఏడాది ముందు తీసుకుని ఉంటే ఎక్కువ వచ్చేదని నేననుకుంటాను, అయితే ట్రేడ్‌ను అడ్డుకునే హక్కు మార్నర్ చేతిలో ఉండగా అది టొరంటో ఒక్కటే తేల్చగలిగేది కాదు.

బయౌట్‌ను, అంటే డబ్బిచ్చి ఒప్పందాన్ని మధ్యలో తెంచుకోవడాన్ని, ఆరో దారిగా లెక్కించడం నాకు ఇష్టం లేదు. అది దారి తప్పాక కట్టే జరిమానా. 26 ఏళ్లు దాటిన ఆటగాడికి మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలం పాటు చెల్లించాలి. ఎడ్మంటన్ 2024 జూన్‌లో గోలీ జాక్ క్యాంప్‌బెల్ మిగిలిన మూడేళ్లను కొనివేయగా ఆ పద్దు ఆరేళ్లకు సాగింది. మిన్నెసోటా వైల్డ్ 2012లో పరీసే, సూటర్‌లకు పదమూడేళ్లు, చెరి 9.8 కోట్లు రాసి, 2021లో ఇద్దరినీ కొనివేసింది. ఫలితంగా 2023-24, 2024-25 సీజన్లలో ఆడని ఇద్దరి కోసం ఏటా 1.47 కోట్లు పోయాయి. పరిమితిలో ఆరో వంతు.

| దారి | మొదటి ఏడాది భారం | తరువాతి ఏళ్లు | వెనక్కి తిరిగే వీలు |
|---|---|---|---|
| కుర్రాళ్ల ఆఫర్‌ను మ్యాచ్ చేయడం | ఆటకు మించి ఎక్కువ | ఎదిగితే చవక | ఏడాది దాకా ట్రేడ్ లేదు |
| జూలై 1 అనుభవజ్ఞులు | మధ్యస్థం, కలిపితే బరువు | దాదాపు లేదు | సులువు |
| బ్రిడ్జ్ | తక్కువ | ఒక్కసారిగా గెంతు | రెండేళ్లకు మళ్లీ బేరం |
| ఏళ్లు పెంచడం | తక్కువ | చివర్లో బరువు | కష్టం |
| పెద్ద పేరును వదలడం | చోటు ఖాళీ | వాడకాన్ని బట్టి | లేదు |

ఎవరికి ఏది నప్పుతుంది

ఒకటి రెండేళ్లలో కప్పు గెలవాలని కూర్చున్న జట్టుకు ఏళ్లు పెంచే దారి, దానికి తోడు బ్రిడ్జ్ బాగా సరిపోతాయి. చివరి ఏళ్ల భారం ఎలాగూ వేరే మేనేజరు మోస్తాడన్న మాట లీగులో అందరూ నవ్వుతూ అంటారు గానీ, అందులో నిజం లేకపోలేదు. అయితే ఇలాంటి జట్టే చవక కుర్రాళ్లను అందరికంటే జాగ్రత్తగా కాపాడుకోవాలి, ఎందుకంటే పై నలుగురి జీతాలు పోగా మిగిలిన చోటును ఆ ధరకు నింపగలిగేది వాళ్లే. నా తీర్పు అడిగితే, ఎడ్మంటన్ హాలోవేను మ్యాచ్ చేసి బ్రోబర్గ్‌ను వదలవలసింది. దానికి స్కిన్నర్ ఒక్కడిని కొనకుండా ఉంటే సరిపోయేది.

పునర్నిర్మాణంలో ఉన్న జట్టు అసలు వేరే ఆట ఆడాలి. శాన్ హోసే సీసీని తీసుకున్నట్టు, ఖాళీ చోటును అమ్మి పిక్‌లు, కుర్రాళ్లను పోగేసుకోవడమే దాని పని. ఆఫర్ షీట్ ఇవ్వడం మాత్రం దానికి పొసగదు: అడుగున ఉన్న జట్టు రెండో రౌండు పిక్ దాదాపు మొదటి రౌండు పిక్ అంత విలువైనది. ఆ ఆయుధం బ్లూస్ వంటి మధ్యస్థ జట్లకే పదునుగా ఉంటుంది, వాటికి అటువంటి కుర్రాళ్లే కావాలి, పోయే పిక్‌లు మధ్యలో ఉంటాయి.

క్యాప్ లీగులు ఆడుకునేవారు ఒక పని చేసి చూడవచ్చు. జూన్ చివరి వారంలో కాగితం మీద ముందు సొంత కుర్రాళ్ల పేర్లు రాసి, ఒక్కొక్కరి పక్కన తాము ఇవ్వదలచుకున్నది కాకుండా పక్కవాడు ఇవ్వగలిగినది రాసుకోవాలి. పరిమితి నుంచి ఆ మొత్తం తీసివేశాక మిగిలిందే జూలై 1 బడ్జెట్. 2024లో ఎడ్మంటన్ కాగితం మీద బ్రోబర్గ్, హాలోవే పేర్లు ఆ వరుసలో అడుగున ఉండిపోయాయి.

మెక్‌డేవిడ్ రెండేళ్ల ఒప్పందం 2028 వేసవిలో ముగుస్తుంది. బూషార్డ్‌కు అప్పటికి ఇంకో ఏడాది, డార్నెల్ నర్స్ 92.5 లక్షలకు ఇంకో రెండేళ్లు మిగిలి ఉంటాయి.